పీఎం విద్యాలక్ష్మి విద్యా రుణం: ఖర్చుల పట్టిక నుంచి వడ్డీ రాయితీ వరకు దరఖాస్తు విధానం

విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందన్న సంతోషం ఇంట్లో ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఆ తరువాత మాటలన్నీ ఫీజు చుట్టూనే తిరుగుతాయి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 6న ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, గుర్తింపు జాబితాలో ఉన్న ఉన్నత విద్యాసంస్థలో ప్రతిభ ఆధారంగా ప్రవేశం పొందిన విద్యార్థి, ఆస్తి తాకట్టు గాని మూడో వ్యక్తి హామీ గాని లేకుండా బ్యాంకు నుంచి విద్యా రుణం పొందవచ్చు. దరఖాస్తు ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. ఎంత రుణం అడగాలో తేల్చుకోవడమే అసలు పని. చాలా కుటుంబాలు ఆ లెక్క వేయకుండానే బ్యాంకు మెట్లెక్కి, అక్కడి అధికారి చెప్పిన అంకెకు తలూపి వస్తున్నాయి.

ముందుగా విద్యాసంస్థ పేరు జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. ఉన్నత విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొత్తం మీద గాని, విభాగాల వారీగా గాని, సబ్జెక్టుల వారీగా గాని తొలి 100 స్థానాల్లో ఉన్న ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు, 101 నుంచి 200 స్థానాల మధ్య ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ ఆధీనంలోని సంస్థలన్నీ ఇందులోకి వస్తాయి. పథకం ప్రకటించినప్పుడు ఇటువంటివి 860 ఉన్నాయి. వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలు, హైదరాబాద్, తిరుపతి ఐఐటీలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటివి కేంద్ర సంస్థల కోవలోనివి. ర్యాంకులు ఏటా మారుతాయి కనుక ఇతర కళాశాలల విషయంలో నిరుడు చేరిన వారి మాట మీద ఆధారపడక, ప్రవేశం పొందిన ఏడాది జాబితానే చూడాలి. యాజమాన్య కోటాలో చేరిన వారికి ఈ పథకం వర్తించదు. వారు బ్యాంకుల మామూలు విద్యా రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

రుణం పొందడానికి కుటుంబ ఆదాయ పరిమితి లేదు. పరిమితి ఉన్నది వడ్డీ రాయితీకి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణంపై, మారటోరియం గడువుకు, అంటే వాయిదాలు కట్టనక్కరలేని చదువు కాలానికీ ఆ తరువాతి ఏడాదికీ, 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. ఏటా లక్ష మందికి ఇచ్చే ఈ రాయితీలో ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులు చదివే వారికి ప్రాధాన్యం ఉంటుంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, ఆమోదిత సంస్థలో సాంకేతిక లేదా వృత్తి విద్యా కోర్సు చదివే వారికి పీఎం యూఎస్‌పీ (ప్రధానమంత్రి ఉచ్చతర్ శిక్షా ప్రోత్సాహన్) కింద కేంద్రం చాలాకాలంగా అమలు చేస్తున్న వడ్డీ రాయితీ పథకం వర్తిస్తుంది. అందులో మారటోరియం కాలపు వడ్డీ మొత్తాన్నీ ప్రభుత్వమే భరిస్తుంది.

మన రెండు రాష్ట్రాల విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇతర ప్రభుత్వ ఉపకార వేతనం గాని, వడ్డీ రాయితీ గాని పొందేవారికి ఆ 3 శాతం రాయితీ రాదు. అందువల్ల రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించే విద్యార్థి దానినే మొదటి ఆధారంగా ఎంచుకుని, దాని పరిధిలోకి రాని హాస్టల్, పుస్తకాల ఖర్చుకు మాత్రమే రుణం అడగడం మేలు. ఒకే ఫీజుకు రెండు చోట్ల డబ్బు అడిగితే లబ్ధి మాట అటుంచి, పరిశీలనలో దరఖాస్తే చిక్కులో పడుతుంది.

ఖర్చుల పట్టిక

బ్యాంకు రుణ మొత్తాన్ని నిర్ణయించేది విద్యార్థి సమర్పించే ఖర్చుల అంచనాను బట్టే. భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఫీజు, పరీక్ష, గ్రంథాలయ, ప్రయోగశాల ఫీజులు, పుస్తకాలు, పరికరాలు, యూనిఫాం, కోర్సుకు అవసరమైన కంప్యూటర్, విద్యాయాత్రలు, ప్రాజెక్టు పని, థీసిస్ వంటివి రుణానికి అర్హమైన ఖర్చులు. కాషన్ డిపాజిట్ (తరువాత తిరిగి ఇచ్చే పూచీ సొమ్ము), భవన నిధి వంటి వాటికి పరిమితి ఉంది: అవి కోర్సు మొత్తం ట్యూషన్ ఫీజులో 10 శాతం మించరాదు.

ఈ పట్టికను మొదటి సంవత్సరానికి మాత్రమే కాక, కోర్సు పూర్తయ్యే వరకు సంవత్సరాల వారీగా రాయాలి. హాస్టల్ మెస్ ఖర్చు ఏటా పెరుగుతుంది. మొదటి ఏడాది క్యాంపస్ హాస్టల్‌లో ఉన్నవారు మూడో ఏడాదికి బయట గదికి మారవలసి రావచ్చు. ల్యాప్‌టాప్ ఒకసారి కొంటే సరిపోతుంది గాని, ప్రాజెక్టు ఖర్చు చివరి ఏడాదిలోనే వస్తుంది. వీటన్నిటినీ ముందే చూపకపోతే మధ్యలో రుణం పెంచమని అడగవలసి వస్తుంది, అప్పుడు పత్రాల తంతు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. విద్యాసంస్థ ఇచ్చే ఫీజుల వివర పత్రంలో లేని ఖర్చులకు కొటేషన్ గాని, హాస్టల్ యాజమాన్యపు లేఖ గాని జతచేయాలి.

రుణంలోకి రాని ఖర్చులకు వేరే కాగితం పెట్టుకోవాలి. బస్సు పాసు, ఫోన్ రీచార్జి, పండుగలకు ఇంటికి వచ్చిపోయే చార్జీలు, ఒంట్లో బాగాలేకపోతే మందులు, సాయంకాలం టీ, టిఫిన్: ఇవి ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే, నెలాఖరుకు కలిపి చూస్తే ఉలిక్కిపడేలా చేస్తాయి. వీటికి ఇంటి నుంచి నెలకు ఎంత పంపగలరో తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకోవాలి. బ్యాంకు డబ్బు ప్రధానంగా విద్యాసంస్థకు, పుస్తకాలు లేదా పరికరాలు అమ్మేవారికి నేరుగా వెళుతుంది తప్ప విద్యార్థి చేతి ఖర్చుకు రాదు.

కుటుంబం పెట్టుకోవలసిన వాటాను బ్యాంకు భాషలో మార్జిన్ అంటారు. దేశంలో చదువుకు 4 లక్షల వరకు రుణంపై ఇది ఉండదు. అంతకు మించితే చాలా బ్యాంకులు 5 శాతం అడుగుతాయి. కోర్సు మొత్తానికి 6,40,000 రూపాయలు అవసరమైతే 32,000 కుటుంబం సమకూర్చుకోవాలన్న మాట. అయితే ఆ మొత్తాన్ని మొదటి రోజే కట్టనక్కరలేదు. విడతలు విడుదలయ్యే కొద్దీ ఏటా దామాషాగా చెల్లించవచ్చు. విద్యాసంస్థ నుంచి వచ్చే ఉపకార వేతనాన్ని కూడా నమూనా పథకం మార్జిన్‌లో లెక్కిస్తుంది.

పత్రాలు, పోర్టల్

పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ప్రవేశ పరీక్ష ర్యాంకు కార్డు, సీటు కేటాయింపు లేదా ప్రవేశ పత్రం, ఫీజుల వివర పత్రం, విద్యార్థితో పాటు తల్లి లేదా తండ్రి ఆధార్, పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగులైతే యజమాని ఇచ్చే పన్ను కోత ధ్రువపత్రం (ఫారం 16), వ్యాపారులైతే ఆదాయపు పన్ను రిటర్నులు సిద్ధం చేసుకోవాలి. వడ్డీ రాయితీ కావలసిన వారికి ఆదాయ ధ్రువపత్రం తప్పనిసరి. దానికి తెలంగాణలో మీసేవ కేంద్రంలోను, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ లేదా వార్డు సచివాలయంలోను దరఖాస్తు చేయాలి. ప్రవేశాల కాలంలో తహసీల్దార్ కార్యాలయంపై ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి కౌన్సెలింగ్ నడుస్తుండగానే దీనికి దరఖాస్తు పెట్టడం తెలివైన పని. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండడం మన దగ్గర సర్వసాధారణం. ఈ తేడాను దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి.

తరువాత పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీతో విద్యార్థి పేరున ఖాతా తెరవాలి. వ్యక్తిగత వివరాలు, చదువు వివరాలు, చేరిన సంస్థ, కోర్సు, సంవత్సరాల వారీ ఖర్చు, తల్లిదండ్రుల ఆదాయం నింపి, పత్రాలను అప్‌లోడ్ చేసి, బ్యాంకును, శాఖను ఎంచుకుని సమర్పించాలి. దరఖాస్తు సంఖ్యను రాసి ఉంచుకోవాలి; శాఖకు వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే. ఆన్‌లైన్‌లో సమర్పించినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. అసలు పత్రాలతో శాఖకు వెళ్లి కలవాలి. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేయాలని బ్యాంకు అడుగుతుంది. ఇది మూడో వ్యక్తి హామీ కాదు కనుక పథకానికి విరుద్ధమేమీ కాదు.

మీ ఇల్లు మా శాఖ పరిధిలో లేదన్న కారణంతో విద్యా రుణ దరఖాస్తును తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. శాఖ మేనేజరు తిరస్కరించదలిస్తే పై అధికారి అంగీకారం ఉండాలని నమూనా పథకం చెబుతోంది. కౌంటరు దగ్గర నోటిమాటగా కాదన్నా, పోర్టల్‌లో దరఖాస్తు పెండింగ్‌లోనే కనిపిస్తుంటే, కారణాన్ని రాతపూర్వకంగా అడిగే హక్కు విద్యార్థికి ఉంది.

వడ్డీ ఎలా పెరుగుతుంది

మంజూరు పత్రం రాగానే వడ్డీ రేటు, మారటోరియం గడువు, బీమా ప్రీమియం అనే మూడింటిని చదవాలి. మారటోరియం సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక సంవత్సరం. ఈ కాలంలో వాయిదా కట్టనక్కరలేదు గాని, వడ్డీ ఆగదు. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లు 6 లక్షలు 9 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. మొదటి విడతపై ఐదేళ్లకు 67,500, రెండోదానిపై 54,000, మూడోదానిపై 40,500, నాలుగోదానిపై 27,000, మొత్తం 1,89,000 రూపాయల వడ్డీ చేరుతుంది. వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 7,89,000. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 9,995 రూపాయలు కట్టాలి. 3 శాతం రాయితీ వస్తే అప్పు 7,26,000, వాయిదా దాదాపు 9,197. పూర్తి రాయితీ వస్తే అప్పు 6 లక్షల దగ్గరే ఆగి, వాయిదా దాదాపు 7,600 అవుతుంది. రాయితీ లేని కుటుంబం చదువు కాలంలోనే ఎప్పటికప్పుడు వడ్డీ కట్టగలిగితే, అప్పు పెరగకపోవడమే కాక, నమూనా పథకం ప్రకారం బ్యాంకు వడ్డీ రేటులో 1 శాతం వరకు తగ్గింపు కూడా ఇవ్వవచ్చు.

రుణం మంజూరైతే రాయితీ దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది వేరే అభ్యర్థన. పోర్టల్‌లోనే ఆదాయ ధ్రువపత్రంతో చేసుకోవాలి. రాయితీ సొమ్ము ఈ-వోచరు, రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి వాలెట్ల ద్వారా చెల్లించే ఏర్పాటు చేశారు. విద్యార్థి చదువు మధ్యలో మానేసినా, క్రమశిక్షణ లేదా చదువు కారణాలతో సంస్థ తొలగించినా రాయితీ ఆగిపోతుంది.

మొదటి విడత తరువాత ప్రతి సెమిస్టరుకు లేదా ఏడాదికి మార్కుల జాబితా, ఫీజు డిమాండు పత్రం శాఖలో ఇస్తేనే తదుపరి విడత విడుదలవుతుంది. ఫీజు గడువుకు కనీసం మూడు వారాల ముందు ఈ పని పెట్టుకుంటే ఆలస్య రుసుము తప్పుతుంది. తొలి ఏడాది రుణం మంజూరు కాకముందే సొంత డబ్బుతో ఫీజు కట్టవలసి వస్తే, రసీదును భద్రపరచి, ఆ మొత్తాన్ని తిరిగి ఇస్తారో లేదో దరఖాస్తు సమయంలోనే శాఖలో అడిగి తెలుసుకోవాలి. ఉద్యోగం వచ్చాక పాత పన్ను విధానంలో ఉన్నవారు కట్టిన వడ్డీ మొత్తంపై ఆదాయపు పన్ను చట్టం కింద (1961 చట్టంలో సెక్షన్ 80ఈ) గరిష్ఠంగా ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు కోరవచ్చు. అందుకు బ్యాంకు ఏటా ఇచ్చే వడ్డీ ధ్రువపత్రం కావాలి.