రెండు వాక్యాల మధ్య సంబంధం తేల్చడం ఎలా?

కంప్యూటర్‌కు భాష నేర్పడానికి, తెలుగు వాక్యాల జతలకు వాటి మధ్య సంబంధాన్ని చెప్పే లేబుళ్లు పెట్టేటప్పుడు విశాఖవాళ్లు ఎక్కువగా తడబడేది సొంత ఊరి జతల దగ్గరే. ఊరు బాగా తెలిసినకొద్దీ, వాక్యంలో లేని సంగతి కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

మొదటి వాక్యం నిజమని ఒప్పుకోండి. దాన్నిబట్టి రెండోది ఖాయమా, విరుద్ధమా, తేలదా అన్నది చెప్పాలి. ఎంటైల్‌మెంట్, కాంట్రడిక్షన్, న్యూట్రల్ అనేవి ఇవే. మొదటిది నిజమై రెండోది అబద్ధమయ్యే సందర్భం ఒక్కటైనా దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే ఖాయం. దొరికితే, రెండూ కలిసి నిజమయ్యే సందర్భం కోసం చూడండి. అదీ ఉంటే తేలదు, లేకపోతే విరుద్ధం.

"వాళ్లు సాయంత్రం కైలాసగిరి ఎక్కారు."
"వాళ్లకు సముద్రం కనిపించింది."

చెయ్యి ఖాయం మీదికే పోతుంది. కానీ పొగమంచు కమ్మి ఉండొచ్చు, చీకటి పడి ఉండొచ్చు. కాబట్టి తేలదు. రెండోది "వాళ్లు విశాఖలో ఒక కొండ ఎక్కారు" అయితే మాత్రం ఖాయం. ఏ చోటు ఏ ఊళ్లో ఉంది, ఏ మాటకు అర్థమేమిటి, అంతవరకే బయటి జ్ఞానాన్ని రానివ్వాలి. "2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది" అన్నదాన్నుంచి "హుద్‌హుద్ అక్టోబరులో తీరం దాటింది" అన్నది తేలదు. అక్టోబరు 12 మీకు ఎంత బాగా గుర్తున్నా సరే. ఈ హద్దును పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే ఒక్కొక్కరు ఒక్కోచోట ఆగుతారు.

"జాలరి ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్నాడు", "జాలరి నిద్రపోతున్నాడు". ఇద్దరూ వేరువేరు జాలర్లనుకుంటే ఏ జతా విరుద్ధం కాదు. అదే మనిషి, అదే సమయం అనుకునే లేబుల్ పెట్టాలి.

"లేదు" చేరితే దిశ తిరగబడుతుంది. "వంజరం కొన్నాడు" అంటే "చేప కొన్నాడు" ఖాయం. కానీ "వంజరం కొనలేదు" అంటే "చేప కొనలేదు" అన్నది తేలదు, చందువా కొని ఉండొచ్చు. "చేప కొనలేదు" అంటే "వంజరం కొనలేదు" ఖాయం.

ఇక తెలుగుకే ఉన్న చిక్కులు. "పడవలు తిరిగొచ్చాయట" నుంచి "పడవలు తిరిగొచ్చాయి" రాదు. ఆ "ట" విన్న మాటను చెబుతుందే కానీ, దానికి పూచీ పడదు. "అందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదనీ కావచ్చు, కొందరే వచ్చారనీ కావచ్చు. అలాంటి వాక్యానికి లేబుల్ పెట్టకుండా "ఎవరూ రాలేదు" అనో "కొందరే వచ్చారు" అనో తిరగరాయండి. "రేపు మేము సింహాచలం వెళ్తున్నాం" అంటే వింటున్నవాళ్లు ఆ లెక్కలో లేరు. "మనం" అంటే ఉన్నారు. ఇంగ్లిష్ నుంచి అనువదించిన జతలు ఇక్కడే చెడతాయి: అక్కడ రెంటికీ "we" అన్న ఒకటే మాట, అనువాదంలో ఏదో ఒకటి పడుతుంది, పాత లేబుల్ మాత్రం అలాగే ఉండిపోతుంది. 2018లో వచ్చిన ఎక్స్‌ఎన్‌ఎల్‌ఐ అనే బహుభాషా జతల సంకలనంలోని 15 భాషల్లో హిందీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. అందుకే మన జతలు నేరుగా తెలుగులోనే పుట్టాలి.

కొత్త జతలు రాసేటప్పుడు ఒక్కో మొదటి వాక్యానికి మూడు రకాల రెండో వాక్యాలూ రాయండి. విరుద్ధం కోసం ప్రతిసారీ "లేదు" తగిలించొద్దు. 2015 నాటి స్టాన్‌ఫర్డ్ ఇంగ్లిష్ జతల సంకలనం ఎస్‌ఎన్‌ఎల్‌ఐలో, మొదటి వాక్యం చూడకుండానే దాదాపు 67 శాతం లేబుళ్లను యంత్రం సరిగ్గా చెప్పేయగలదని 2018లో తేలింది. గుడ్డిగా చెబితే మూడో వంతే రావాలి. మీ జతల్లో మొదటి వాక్యాన్ని మూసేసి, పనితో సంబంధం లేనివాళ్లతో లేబుల్ చెప్పించండి. మూడో వంతు కన్నా బాగా ఎక్కువ సరిపోతుంటే, వాళ్లు ఏ మాట పట్టుకుని చెబుతున్నారో అడిగి ఆ జతలు మార్చండి.

ఆఖరున ఒక్కో జతను ఐదుగురికి విడివిడిగా ఇవ్వండి. ముగ్గురు ఒకటే అంటే అదే లేబుల్. ముగ్గురు కలవకపోతే, బలవంతంగా తేల్చకుండా జతను పక్కన పెట్టండి.