లింకు పంపండి, పేరు చెప్పి పంపండి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో ఉంటూ, తీరిక దొరికినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి జానపద కళలు ఆడే బృందాల వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. ప్రతి వీడియో కింద ఆ బృందం ఊరు, ప్రధాన గాయకుడి పేరు, ఆయన ఒప్పుకుంటే ఫోన్ నంబరు రాస్తాను. జాతరకు మేళం కావాలనుకున్నవాళ్లు ఆ నంబరుకే ఫోన్ చేసి బయానా ఇస్తారు. ఎవరో ఆ వీడియోను డౌన్‌లోడ్ చేసి, చివర కత్తిరించి, తమ పేజీ లోగో వేసి వదులుతారు. లక్షల మంది చూస్తారు. గుండెలకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గంటలకొద్దీ ఎగిరి ఆడిన మనిషికి మాత్రం ఒక్క ఫోనూ రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి పద్ధతి: ఫైలు కాదు, లింకు పంపాలి. లింకు నొక్కినవాళ్లు అసలు చోటికి వెళ్తారు. అక్కడ పేరు, తేదీ, ఆ మనిషి మిగతా పని అన్నీ కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్‌లో అవేవీ ఉండవు. లింకు పంచడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఫైలును మీ పేజీలో పెట్టాలంటే మాత్రం అడగాలి. "అన్నా, మీ వీడియో మా ఊరి పేజీలో పెట్టుకుంటాం, మీ పేరు, లింకు ఇస్తాం, సరేనా?" అంటే చాలు. నన్ను అలా అడిగినవాళ్లకు నేనెప్పుడూ కాదనలేదు.

సీతంపేట పైన కొండ ఊళ్లలో సిగ్నల్ సరిగా రాదు, లింకు తెరుచుకోదు, అందుకే ఫైలు పంపామంటారు కొందరు. న్యాయమైన మాటే. అలాంటప్పుడు ఫైలుతో పాటు ఎవరు ఆడారు, ఎవరు తీశారు, ఎక్కడిది అన్నది రాసి, లింకు కూడా పెట్టండి.

లింకును ఊరికే విసిరేయకండి. "ఇది చూడండి" అంటే ఎవరూ తెరవరు. "పాలకొండ వైపు బృందం తప్పెటగుళ్లు, నలభై నిమిషాలు, గంగమ్మ పాట పన్నెండో నిమిషంలో" అని రాస్తే, ఇష్టమున్నవాళ్లు డేటా ఖర్చు చేసుకుంటారు. కంప్యూటర్‌లో యూట్యూబ్ షేర్ బటన్ నొక్కితే కింద 'స్టార్ట్ ఎట్' అన్న గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే వీడియో సరిగ్గా ఆ నిమిషం దగ్గరే మొదలవుతుంది. వార్తల లింకుల చివర యూటీఎం (utm) అనో ఎఫ్‌బీక్లిడ్ (fbclid) అనో పొడవాటి తోక ఉంటుంది. మీరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్క కట్టడానికే అది. తీసేసినా పేజీ తెరుచుకుంటుంది. యూట్యూబ్ పొడవు లింకులో మాత్రం ప్రశ్నార్థకం దగ్గర కత్తిరించకండి, దాని తర్వాత వచ్చేదే వీడియో గుర్తు. కత్తిరించాక ఒకసారి మీరే తెరిచి చూసి పంపండి.

ఇక పేరు ఇవ్వడం. కింద 'సేకరణ' అనో 'క్రెడిట్స్ టు ఓనర్' అనో రాస్తే పేరు ఇచ్చినట్టు కాదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ ఉండాలి. జానపదానికి ఇంకొకటి కలపాలి: వీడియో తీసినవాడి పేరు ఒక్కటే సరిపోదు, ఆడినవాళ్ల పేరు ముందు రావాలి. నా పేరు వదిలేసినా బాధపడను, వాళ్లది వదిలేస్తే పడతాను. చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసిన తర్వాత కూడా ఈ రచన నాదేనని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. 2012 సవరణతో ప్రదర్శన ఇచ్చినవాళ్లకూ దాదాపు అలాంటి హక్కే వచ్చింది.

అసలుది ఎవరిదో తెలియకపోతే వెతకండి. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టండి. వీడియో అయితే ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి అదే చేయండి. రాత అయితే అందులో ఒక పూర్తి వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఏదో చూడండి. అయినా దొరక్కపోతే, "ఎవరిదో తెలియలేదు, మా వీధి గ్రూపులో వచ్చింది, తెలిసినవారు చెప్పండి" అని రాయండి. ఎవరైనా చెప్పగానే దిద్దండి. వాట్సాప్‌లో పదిహేను నిమిషాలు దాటితే మెసేజ్ ఎడిట్ కాదు కాబట్టి, దానికే రిప్లై ఇచ్చి పేరు రాయండి.

తుపాను రోజుల్లో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత మా జిల్లాలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే చాలు, టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు 2014 హుద్‌హుద్ నాటి ఫొటోనో, నిన్నటి బులెటిన్ స్క్రీన్‌షాటో పంపితే, పడవ కట్టుకోవాలా వద్దా అని చూస్తున్న మత్స్యకారుడికి నష్టం. భారత వాతావరణ శాఖ బులెటిన్ మీద తేదీ, సమయం ఉంటాయి. అవి కనిపించేలా, అసలు పేజీ లింకుతోనే పంపండి.

ఎవరైనా పేరు లేకుండా పెట్టింది మీ కంట పడితే, కామెంట్లలో గొడవ పెట్టుకోకండి. విడిగా మెసేజ్ చేసి, వాళ్లు కాపీ చేసి అతికించుకోవడానికి వీలుగా పేరు, ఊరు, లింకు ఉన్న ఒక వాక్యం మీరే రాసి ఇవ్వండి. అలా పంపితే చాలామంది ఆ రోజే కలుపుతున్నారు. రెండు రోజులకూ కదలకపోతే, అప్పుడు అందరికీ కనిపించేలా అదే వాక్యాన్ని కామెంట్‌లో పెట్టండి.