ఉప్పుగాలిలో బొగ్గింజను: వానలకు ముందే చేయవలసిన పనులు

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమళ్ల మీదుగా వచ్చే గాలి ఇనుమును బతకనివ్వదు. ఆ ఊరి నుంచే 1900లో పర్లాకిమిడికి, పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాల దూరముండే నారోగేజి లైను వేశారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. అలాంటి లైన్లలో నడిచిన రోజుల్లో బొగ్గింజను రోజూ వేడెక్కేది, రోజూ నూనె తాగేది, ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని తుడిచేవారు. ప్రదర్శనకని దిమ్మె ఎక్కించాక ఆ మూడూ పోతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ స్టేషను ముందో, పార్కులోనో పాత ఇంజను మీ బాధ్యతలో ఉంటే మృగశిర కార్తె దాకా ఆగకండి. రోహిణి ఎండల్లోనే పని ముగించాలి.

పెద్దవాళ్లెవరో వస్తున్నారంటే రెండు డబ్బాల నల్లరంగు పూసేయడం మనకు అలవాటు. ఉప్పు మీద రంగు వేస్తే ఆ ఉప్పు తేమ పీల్చి అడుగు నుంచే తుప్పు పెంచుతుంది. వానలు తగ్గేసరికి రంగు బొబ్బలెక్కి పెచ్చులూడుతుంది. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, వదులు తుప్పు తీసి, ప్రైమరు పట్టించాకే రంగు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకకండి. తడిపి, మాస్కు పెట్టుకుని గీకి, పెచ్చులన్నీ సంచిలో మూట కట్టండి. బాయిలరు తొడుగు రేకు కింద తెల్లటి పీచు కనబడితే అక్కడితో చేయి ఆపేయండి. అది ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ కావచ్చు; తెలిసినవాళ్లు చూసేదాకా ఆ రేకును కదపకూడదు.

వాన పైన పడితే కారిపోతుంది. లోపల నిలిచిన నీరే ఇంజనును తినేస్తుంది. పొగగొట్టంలోంచి దిగిన నీరు స్మోక్‌బాక్సు, అంటే ఇంజను ముందుభాగంలోని పొగపెట్టె అడుగున పాత మసితో కలుస్తుంది. బొగ్గులోని గంధకం వల్ల ఆ తడి మసి ఆమ్లమై రేకును తొలిచేస్తుంది. ముందుండే గుండ్రటి తలుపు తెరిచి మసంతా ఎత్తేయండి. తెరిచే ముందు కర్రతో నాలుగుసార్లు తట్టండి, పాములకూ కందిరీగలకూ ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. తర్వాత చిన్న సుత్తితో అడుగు రేకును తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, చిక్కిపోయింది దబ్‌మంటుంది. దబ్‌మన్న చోట సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీసి ఉంచండి. వచ్చే ఏడాది పోల్చుకోవచ్చు. టెండరు (ఇంజను వెనుక బొగ్గు, నీళ్లు మోసే బండి) ట్యాంకు అడుగు, కొలిమి కింది బూడిద పళ్లెం కూడా ఇలాగే చూడాలి. సిలిండర్ల కింద నీరు వదిలే కుళాయిలు తెరిచే ఉంచండి. పొగగొట్టానికి కాస్త ఎత్తులో రేకు మూత, దాని చుట్టూ జాలీ బిగించండి. కొలిమి తలుపు ఓరగా ఉంచి దానికీ జాలీ కడితే లోపల గాలి ఆడుతుంది.

ఇంజను మొత్తాన్ని టార్పాలినుతో బిగించి కట్టకండి. లోపల చెమ్మ పడుతుంది, పైగా తుఫాను గాలికి అది తెరచాపలా ఉబ్బి తాళ్లు తెంపుకుంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే విరుచుకుపడ్డాయి. కాబట్టి సెప్టెంబరులోనే షెడ్డు రేకుల బోల్టులు, చక్రాల కింది అడ్డుదిమ్మలు సరిచూడండి. కూత గొట్టం, మీటర్లు, ఇత్తడి బిగింపులు విప్పి, జాబితా రాసి బీరువాలో పెట్టండి. తుఫాను వదిలిపెట్టినా దొంగలు వదలరు. పక్కనే కరెంటు రైలు తీగలుంటే వాటిలో 25,000 వోల్టులుంటాయి. రైల్వే అనుమతి లేకుండా అక్కడ నిచ్చెన, ఇనుప గొట్టం ఎత్తకూడదు.

ఉత్సవం వస్తే “ఒక్కసారి నిప్పు రాజేసి కూత వేయిద్దాం” అనేవారు ఒకరైనా బయలుదేరతారు. ససేమిరా అనండి. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు విస్తరిస్తుంది. చిక్కిపోయిన బాయిలరుకు అది బాంబే. హర్యానాలోని రేవాడీ షెడ్డులో, తమిళనాడులోని నీలగిరి లైనులో ఆవిరి ఇంజన్లు కదులుతున్నాయంటే వెనుక వర్క్‌షాపులు, నిపుణులు ఉన్నారు. కూతే కావాలంటే విప్పిన గొట్టాన్ని కంప్రెసరు గాలికి తగిలించుకోండి, సరిపోతుంది.

తుఫాను దాటి అధికారులు బయటకు వెళ్లవచ్చన్నాక, మొదటి పని మంచినీళ్లతో ఉప్పు కడగడం. ఆరాక చక్రాలను కలిపే కడ్డీలకు గ్రీజు పూయండి. తర్వాత సిలిండర్ల కుళాయిల కింద చేయి పెట్టి చూడండి. చుక్క కూడా రాకపోతే తీగతో పొడవండి, మసి అడ్డుపడి ఉంటుంది.