లారీకి అదనపు మీటర్లు: ఎక్కడ కలపాలి, ఎంత చూపాలి

డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలిగేసరికి ప్రెషర్ దాదాపు పడిపోయి ఉంటుంది. డైనమో (ఆల్టర్నేటర్) తిప్పే బెల్టు జారి చార్జింగ్ సగమే వస్తున్నా బ్యాటరీ లైటు చాలాసార్లు వెలగదు. అందుకే వోల్ట్ మీటరు, ఆయిల్ ప్రెషర్ మీటరు, హీట్ మీటరు విడిగా బిగించుకోవాలి.

మన లారీలు ఎక్కువగా 24 వోల్టులవి, 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటాయి. 12 వోల్టుల మీటరు చౌకగా దొరికిందని ఒక్క బ్యాటరీ నుంచి లైను లాగొద్దు. ఆ బ్యాటరీ ఒక్కటే దిగుతుంది. డైనమో రెండింటికీ కలిపి చార్జింగ్ ఇస్తుంది కనుక రెండోది మోతాదు మించి చార్జయి నీళ్లు ఎండిపోతాయి. పాటల సెట్టు అలా కలిపిన బండ్లకూ ఇదే జబ్బు.

వోల్ట్ మీటరు ప్లస్‌ను తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు, 2 ఆంపియర్ల ఫ్యూజు వేసి కలపాలి. హెడ్‌లైటు, హారన్ లైన్లు వద్దు, వాటిలో వోల్టేజీ తగ్గి కనిపిస్తుంది. మీటరు ఎర్త్ (మైనస్) వైరును క్యాబిన్ రేకుకు కాకుండా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్లాలి.

రాత్రంతా ఆగిన బండిలో 25.2 వోల్టుల పైన ఉంటే బ్యాటరీలు నిండుగా ఉన్నట్టు, 24.4 అంటే సుమారు సగం. సెల్ఫ్ కొట్టినప్పుడు 19 కిందికి పోతే బ్యాటరీ నీరసించింది, లేదా సెల్ఫే ఎక్కువ లాగుతోంది. స్టార్టయ్యాక 27.5–28.5 ఉండాలి. 29.5 దాటి అక్కడే నిలిస్తే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. లైట్లన్నీ వేసి రేసు ఇచ్చినా 26 దాటకపోతే ముందు బెల్టు చూడండి. తర్వాత అదే లోడు మీద, డైనమో బి ప్లస్ బోల్టుకూ (చార్జింగ్ బయటికొచ్చే బోల్టు) బ్యాటరీ ప్లస్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టండి. అర వోల్టు మించితే తప్పు కేబుల్‌లోనో దాని చివరి లగ్గుల్లోనో (బోల్టుకు బిగించే కొనలు) ఉంది. డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అలాగే చూశాకే డైనమో విప్పాలి.

ఆయిల్ ప్రెషర్ సెన్సర్‌కు, ఆయిల్ లైటు వెలిగించే పాత స్విచ్ తీసేయకుండా, రెండూ బిగేలా టీ జాయింటు (టి ఆకారపు జాయింటు) వేయాలి. ఒకే వైరున్న సెన్సర్‌కు బిగించే మరల ద్వారానే ఎర్త్ అందుతుంది, వాటికి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే రీడింగ్ తప్పుతుంది. బరువైన సెన్సర్‌ను ఇంజన్ బ్లాకు మీద వేలాడదీస్తే అదురుకు జాయింటు విరిగి ఆయిలంతా పోతుంది. ప్రెషర్ హోసు వేసి సెన్సర్‌ను బ్రాకెట్‌కు బిగించి, విడిగా ఎర్త్ ఇవ్వండి.

హీట్ మామూలుగా 80–95 డిగ్రీలు. ఎక్కుతున్న ముల్లు ఘాట్‌లో ఉన్నట్టుండి దిగిపోతే చల్లబడిందని నమ్మొద్దు. నీళ్లు కారిపోయి సెన్సర్ గాలిలో ఉండొచ్చు. వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. బాగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. కాలుతున్న బ్లాకులో చన్నీళ్లు పోస్తే పగులుతుంది.