పాత ఫోన్ కొనేముందు ఒక్క మెసేజ్

సెకండ్‌హ్యాండ్ ఫోన్ బేరం కుదిరిందా? డబ్బులిచ్చే ముందు అదే ఫోన్లో *#06# నొక్కండి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం (KYM) అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టండి. బ్లాక్‌లిస్ట్ (పోయిందనో దొంగిలించారనో ఆపేసిన ఫోన్) అనో డూప్లికేట్ (అదే ఐఎంఈఐ వేరే ఫోన్లోనూ ఉంది) అనో జవాబొస్తే, ఎంత చవకైనా వదిలేయండి.

ఇంకోటి. అమ్మేవాళ్లు తమ గూగుల్ అకౌంట్ మీ ఎదుటే తీసేసి, ఆ తర్వాతే రీసెట్ చేయాలి. నేనోసారి ఈ సంగతి మర్చిపోయాను. ఇంటికొచ్చి రీసెట్ కొడితే పాత ఓనరు పాస్‌వర్డ్ అడిగింది, ఆయనేమో రెండు రోజులు ఫోనెత్తలేదు! బిల్లు, డబ్బా ఉంటే అడిగి తీసుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు వాటికీ నాలుగు డబ్బులొస్తాయి.