రొయ్య ఒకటే, కౌంట్లు రెండు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, మేత మిల్లులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి. వాటి కంప్యూటర్లను కలపబోతే తరచూ తగిలే చిక్కులివి.

సమస్య: 30 కౌంట్ సరుకు ప్లాంటుకు చేరింది. తెర మీద ‘సైజు తేడా’ అని పడింది. లారీ ఆగిపోయింది.

కారణం: అందరూ ముందు కాటాను అనుమానిస్తారు. కాటా తప్పేమీ లేదు. చెరువు గట్టున కౌంట్ అంటే తలతో సహా కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయని. ఎగుమతి ఆర్డరులో మాత్రం సాధారణంగా తల తీసినవి పౌనుకు (సుమారు 454 గ్రాములు) ఎన్ని అని. 30 కౌంట్‌లో ఒక్కో రొయ్య సుమారు 33 గ్రాములు. తల పోగా మూడింట రెండు వంతులు మిగిలిందనుకుంటే, పౌనుకు 20 దగ్గర తేలుతుంది.

పరిష్కారం: ఉత్త ‘కౌంట్’ అనే గడి తీసేయండి. అంకె, కిలోనా పౌనా, తల ఉందా లేదా అని మూడు గళ్లు పెట్టండి. లెక్క మార్చడం ప్లాంటు గేటు దగ్గర జరగాలి. గట్టు మీది మనిషిని పౌన్లలో మాట్లాడమనడం అవివేకం. తల పోగా మిగిలే వంతు రకాన్ని బట్టి, సైజును బట్టి మారుతుంది కనుక దాన్ని ప్రోగ్రాములో పాతిపెట్టకండి, విడిగా మార్చుకునేలా ఉంచండి.

సమస్య: కొత్త కంపెనీ చేరినప్పుడల్లా నెలల తరబడి పని.

కారణం: ప్రతి కంపెనీని ప్రతి కంపెనీకి నేరుగా ముడివేశారు. ఆరింటికి 15 ముడులు. ఏడోది వస్తే మరో ఆరు.

పరిష్కారం: అందరికీ ఒకే సందేశ నమూనా. ఎవరి సాఫ్ట్‌వేర్ వారిదే, దాని సమాచారాన్ని నమూనాలోకి మార్చే చిన్న ప్రోగ్రాము మాత్రం తలా ఒకటి. ఐస్ ఫ్యాక్టరీకి ఎక్సెల్ చాలు, పెద్ద సాఫ్ట్‌వేర్ అంటగట్టకండి. నమూనాకు కొత్త గడి కలిపినా పాతవి తీయకూడదు.

సమస్య: తుపానులో నెట్ పోయి వచ్చాక ఒకే ఆర్డరు రెండుసార్లు నమోదైంది.

కారణం, పరిష్కారం: ‘అందింది’ అన్న జవాబు రాక మళ్లీ పంపారు. ప్రతి సందేశానికీ ఒక నంబరు ఇవ్వండి. ఒకసారి చూసిన నంబరు మళ్లీ వస్తే అవతలివారు వదిలేయాలి.

సమస్య: యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని విదేశం నుంచి సరుకు తిరిగొచ్చింది. ఏ చెరువుదో తేలడం లేదు.

కారణం: చేయి మారినప్పుడల్లా లాట్ నంబరు (ఏ విడత సరుకో చెప్పే గుర్తు) మారింది. సైజుల వారీగా వేరు చేసే గ్రేడింగ్‌లో నాలుగు చెరువుల సరుకు కలిసింది.

పరిష్కారం: ఎవరి నంబరు వారు ఉంచుకోవచ్చు. చేయి మారేచోట పాత, కొత్త నంబర్లను జతగా రాయాలి. సరుకు కలిపితే అన్ని చెరువుల నంబర్లూ ఎక్కించాలి. అర్ధరాత్రి చెరువులో రొయ్యలు పట్టేటప్పుడు ఎవరూ టైపు చేయరు కాబట్టి క్రేటుకే బార్‌కోడ్ కట్టండి. కాగితం వద్దు, ఐసు నీళ్లకు నానిపోతుంది. ప్లాస్టిక్‌ది కట్టండి.