ఎండలు ముదరకముందే కూలింగ్ గ్లాసులు: కొనేటప్పుడు ఏం చూడాలి, దేనికి మోసపోకూడదు

ఉగాది దాటిందంటే మన గోదావరి డెల్టాలో ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. దాళ్వా కోతలు, రోడ్ల పక్కన ఆరబోసిన ధాన్యం, మధ్యాహ్నం పూట రొయ్యల చెరువు గట్టు మీద తిరుగుడు. మే మొదటి వారానికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ అలాగే వస్తాడు గానీ అప్పటికి మబ్బులుంటాయి కాబట్టి మనం పట్టించుకోం. తలకి తువ్వాలు చుట్టడం, సీసాలో మజ్జిగ పెట్టుకోవడం ఎవరూ మర్చిపోరు. కళ్ళజోడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బస్టాండు బయట అట్టకి గుచ్చి పెట్టినవాటిలో మొహానికి నప్పింది తీసుకుని వచ్చేస్తాం.

కంటికి ఎండ చేసే చేటు ఒక్క రోజులో తెలియదు. ఆ పూటకి కళ్ళు ఎర్రబడతాయి, నీళ్ళు కారతాయి, తల నొప్పి పెడుతుంది, రాత్రి పడుకుంటే తగ్గిపోతుంది. ఏళ్ళ తరబడి పడే అతినీలలోహిత (యూవీ) కిరణాల దెబ్బ వేరు. శుక్లాలు ముందుగా రావడానికి అదొక కారణం. ఇంకొకటి, కంటి తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి మొదలై నల్లగుడ్డు మీదికి పాకే కండ. డాక్టర్లు దాన్ని టెరీజియం అంటారు. ఎండలో, గాలిలో, దుమ్ములో పని చేసేవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. చేపల వేటకి వెళ్ళేవాళ్ళు, పొలం పనివాళ్ళు, రోజంతా బండి మీద తిరిగే సేల్స్ కుర్రాళ్ళు, అందరూ ఈ లెక్కలోకే వస్తారు.

నలుపు చూసి కొనకండి

కళ్ళజోళ్ళ షాపులో పది నిమిషాలు నిలబడితే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: “ఇంకా నల్లవి లేవాండీ?” ఎంత నల్లగా ఉంటే అంత కాపాడుతుందని అందరి నమ్మకం. నలుపు ఆపేది కంటికి కనిపించే వెలుతురుని మాత్రమే. అతినీలలోహిత కిరణాలు కనిపించవు, వాటిని ఆపే గుణం అద్దం పదార్థంలో గానీ దాని పూతలో గానీ ఉండాలి. ఏ రంగూ లేని పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) అద్దం ఆ కిరణాల్లో చాలా భాగాన్ని ఆపేస్తుంది. కటిక నల్లటి నాసిరకం అద్దం ఆపకపోవచ్చు.

అలాంటి నల్లద్దం అసలు లేకపోవడం కంటే ప్రమాదం. వెలుతురు తగ్గగానే కంటిపాప పెద్దదవుతుంది. చీకటిగా హాయిగా ఉంది కదా అని మనం కళ్ళు చికిలించడం కూడా మానేస్తాం. అంటే తలుపు బార్లా తీసి పెట్టినట్టు. ఎండలో మామూలు కంటితో ఉన్నప్పటి కంటే ఎక్కువ కిరణాలు లోపలికి పోతాయి. ఈ రోజుల్లో వచ్చే ప్లాస్టిక్ అద్దాలు ఎంతో కొంత ఆపుతాయి, రోడ్డు పక్క సరుకంతా విషం అని నేను అనను. కానీ ఏది ఆపుతుందో ఏది ఆపదో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

అందుకే ముందు వెతకాల్సింది ‘యూవీ 400’ అన్న గుర్తు. 400 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను ఆపుతుందని దాని అర్థం. కంటికి చేటు చేసే అతినీలలోహితం అంతా ఆ లోపే ఉంటుంది. అయితే స్టిక్కరు ఎవరైనా అంటించగలరు. భీమవరం, అమలాపురం, కాకినాడ లాంటి ఊళ్ళలో కాస్త పెద్ద ఆప్టికల్ షాపుకి వెళ్ళి, యూవీ కొలిచే మీటరు మీద పెట్టి చూపించమని అడగండి. క్షణాల్లో అయిపోయే పని. మొహమాటపడక్కర్లేదు, ఇంట్లో ఉన్న పాతవి కూడా పట్టుకెళ్ళి చూపించుకోవచ్చు. దొంగనోట్లు పట్టే యూవీ టార్చి ఉంటే ఇంట్లో ఓ చిన్న పరీక్ష ఉంది. చీకట్లో నోటు మీద వెలుతురు వేస్తే మెరిసే భాగాలు కనిపిస్తాయి, మధ్యలో అద్దం అడ్డు పెడితే ఆ మెరుపు బాగా తగ్గిపోవాలి. చవక టార్చిల్లో మామూలు ఊదా వెలుతురు కూడా కలిసి ఉంటుంది కాబట్టి దీన్ని చివరి మాట అనుకోకండి.

ఇక నలుపు ఎంత ఉండాలో చెప్పే అంకె వేరే ఉంటుంది. కాడ లోపలి వైపు ‘క్యాట్ 3’ అనో, సీఈ (యూరప్ ప్రమాణాల) గుర్తు పక్కన ఉత్త 3 అనో రాసి ఉంటుంది. 0 నుంచి 4 వరకు తరగతులు. మూడో తరగతి అద్దం వెలుతురులో 8 నుంచి 18 శాతం లోపలికి పంపుతుంది, మన వేసవికి అదే సరి. రెండోది 18 నుంచి 43 శాతం పంపుతుంది, పొద్దున్నా సాయంత్రం తిరిగేవాళ్ళకి బాగుంటుంది. నాలుగోది మరీ చీకటి, 8 శాతం కూడా రానివ్వదు. అది పెట్టుకుని బండి గానీ కారు గానీ నడపకూడదు. కొబ్బరితోటల నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి మారుతూ పోయే కోనసీమ రోడ్ల మీద అయితే మరీనూ.

నీళ్ళున్న చోట సంగతి వేరు

మన దగ్గర ఎండ పైనుంచే రాదు. కాలవలు, చెరువులు, గోదావరి పాయలు, సముద్రం, ఎటు చూసినా వెలుతురుని తిప్పికొట్టేవే. పొడి ఇసుక ఒక్కటే తన మీద పడిన అతినీలలోహితంలో సుమారు 15 శాతం తిప్పి కొడుతుంది. టోపీ పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుంది గానీ కింద నుంచి వచ్చేదాన్ని ఏం చేస్తుంది? పైగా మిట్టమధ్యాహ్నం కంటే పొద్దున ఎనిమిది నుంచి పది వరకు, మళ్ళీ రెండు నుంచి నాలుగు వరకు కళ్ళలోకి సూటిగా ఎక్కువ కిరణాలు వస్తాయి. నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మే కొంత నీడ పడుతుంది, పక్కకి వాలితే ఆ నీడ ఉండదు. ఎండ తగ్గింది కదా అని నాలుగింటికే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. పల్చటి మబ్బులనీ నమ్మకండి, అతినీలలోహితంలో చాలా భాగం వాటిలోంచి వచ్చేస్తుంది.

నీళ్ళ దగ్గర పనికి పోలరైజ్డ్ అద్దాలు డబ్బుకి తగ్గ వస్తువు. నీటి మీద నుంచి, తడి రోడ్డు మీద నుంచి అడ్డంగా వచ్చే తళుకుని ఇవి కోసేస్తాయి. చెరువు గట్టు మీద నిలబడి మామూలు నల్లద్దాల్లోంచి చూస్తే తెల్లగా మెరిసే రేకులా తప్ప ఏమీ కనిపించదు. పోలరైజ్డ్ పెట్టుకుంటే ఆ తెలుపు తొలగిపోయి నీటి రంగు తెలుస్తుంది, గట్టు వారన నాచు కనిపిస్తుంది, పైకి లాగుతున్న చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) నీళ్ళు దాటక ముందే కంటికి ఆనుతుంది. రంగు తేడా చూసి నీటి పరిస్థితి పట్టే రైతుకి ఇది చిన్న సాయం కాదు. ఒక చిక్కు ఉంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు, కొన్ని ఫోన్లు, బండి డిజిటల్ మీటరు ఒక కోణంలో చూస్తే నల్లగా ఆరిపోయినట్టు కనిపిస్తాయి. మీటరు పాడైందని టెన్షన్ పడకండి, తల కాస్త పక్కకి వంచితే అంకెలు మళ్ళీ కనిపిస్తాయి.

నిజమైన పోలరైజ్డ్ అవునో కాదో తేల్చడానికి కూడా ఇదే దారి. షాపులో క్యాలిక్యులేటర్ ఉంటుంది కదా, దాని తెర ముందు అద్దం పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడో ఒక చోట తెర నల్లబడాలి. ఎంత తిప్పినా మార్పు లేదంటే అది ఉత్త రంగద్దం. పోలరైజ్డ్ అంటే యూవీ ఆపుతుందని మాత్రం కాదు, రెండూ వేర్వేరు గుణాలు, రెండూ అడగాలి.

రంగుల మాట కొద్దిగా. బూడిద రంగు దేన్నీ మార్చదు, గోధుమ రంగు ఎత్తుపల్లాలు స్పష్టంగా చూపిస్తుంది, ముదురాకుపచ్చ కూడా ఫరవాలేదు. నీలం, గులాబీ పెళ్ళి ఫొటోలకి సరిపోతాయి.

చేతిలో పట్టుకుని, మొహాన పెట్టుకుని

కొనే ముందు అద్దాన్ని చేయి చాచి పట్టుకుని దాంట్లోంచి గుమ్మం అంచునో, టైల్స్ గీతనో చూస్తూ పైకీ కిందికీ కదపండి. గీత వంకర తిరిగినా, అలలా కదిలినా పక్కన పెట్టేయండి. అలాంటివి గంట పెట్టుకుంటే తలనొప్పే. తర్వాత మొహాన పెట్టుకుని కిందికి వంగండి, జారకూడదు. నవ్వండి, బుగ్గలు ఫ్రేముని పైకి నెట్టకూడదు. రెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. పక్కల నుంచి, కింద నుంచి వెలుతురు ఎంత దూరుతోందో చూసుకోండి. చిన్న గుండ్రటి అద్దాలు ఎంత ఫ్యాషనైనా మన ఎండకి పనికిరావు. కణతల దాకా వంగి వచ్చేవి మేలు. బండి నడిపేవాళ్ళు హెల్మెట్ పట్టుకెళ్ళి, దాంతో కలిపి పెట్టుకుని చూడాలి. లావు కాడలు హెల్మెట్ కింద అరగంటకే చెవుల మీద నొప్పి పుట్టిస్తాయి.

కోత మిషన్ వెనక నిలబడేవాళ్ళు, ధాన్యం తూర్పారబట్టేవాళ్ళు, తలెత్తి కొబ్బరి దింపు తీయించేవాళ్ళు గాజు అద్దాలు అసలు వాడొద్దు. పగిలితే ముక్కలు కంట్లోకే పోతాయి. పాలికార్బనేట్ దెబ్బకి తట్టుకుంటుంది, గీతలు మాత్రం తొందరగా పడతాయి. వరి ఆకు గీసుకున్నా, ఊక పడినా కంటిగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. నొప్పి, ఎరుపు తగ్గకపోతే పసర్లు, మందుల షాపులో తోచి ఇచ్చిన చుక్కలు వేయకుండా కంటి డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్ళాలి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు బూజు పుండుని ఇంకా పెంచేస్తాయి.

కూలింగ్ గ్లాసులు చేయలేని పనులు మూడు: వెల్డింగ్ వెలుతురు, పురుగుమందు పిచికారీ, గ్రహణం. మొదటి రెంటికీ వాటి కోసం చేసిన రక్షణ కళ్ళజోళ్ళు వేరే ఉన్నాయి. గ్రహణానికి దాని కోసం ధ్రువీకరించిన ఫిల్టరు తప్ప, ఎన్ని నల్లద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టినా పనికిరావు.

పవర్ ఉన్నవాళ్ళు ఎండలోకి వెళ్ళగానే నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలు అడుగుతుంటారు. మంచివే, కానీ రెండు సంగతులు తెలిసి కొనాలి. కారు ముందద్దం అతినీలలోహితాన్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి లోపల కూర్చుంటే అవి సరిగా నల్లబడవు. పైగా వేడి ఎక్కువైతే నల్లబడటమూ తగ్గుతుంది. మన మే నెలలో ఇది బాగానే తెలుస్తుంది. ఎక్కువగా బయట తిరిగేవాళ్ళు పవర్‌తోనే విడిగా ఒక రంగు జత చేయించుకోవడం నయం.

పిల్లలకి తీర్థంలో (జాతరలో) అమ్మే బొమ్మ కళ్ళజోళ్ళు పెట్టకండి. వాళ్ళ కంటి లోపలి కటకం ఇంకా తేటగా ఉంటుంది, కిరణాలు లోపలిదాకా పోతాయి. కొంటే యూవీ 400 చూసి కొనండి, లేదంటే వెడల్పు అంచు టోపీ చాలు.

చీకటి పడ్డాక కాలవ గట్టు మీద పురుగులు కొడుతున్నాయని నల్లద్దాలతోనే బండి నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దానికి రంగు లేని అద్దాలు ఒక జత డిక్కీలో పడేసుకోండి.

అంతర్వేది, పేరుపాలెం, ఉప్పాడ వైపు ఉండేవాళ్ళకి ఉప్పుగాలితో ఇబ్బంది. ఇనుప మరలు, చవక లోహపు ఫ్రేములు తుప్పు పట్టేస్తాయి, నైలాన్ లాంటి ప్లాస్టిక్ ఫ్రేములు నిలుస్తాయి. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, తడి మీదే మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు తువ్వాలుతోనో చీర చెంగుతోనో తుడిస్తే ఇసుక రేణువులే అద్దాన్ని గీసేస్తాయి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ వేడికి పూత పగుళ్ళు తేలుతుంది. గీతలు అంచుల్లో ఉంటే ఈ వేసవి గడిచిపోతుంది, సరిగ్గా కంటికి ఎదురుగా పడితే మార్చేయడమే.